రిజిస్టరుకెక్కని మత్తడి: స్థానిక పర్యావరణ కమిటీలు – రచయితలు

ఈ పదిహేనేళ్ళలో మన కథలోకీ కవిత్వంలోకీ పర్యావరణం వస్తువుగా బాగానే ప్రవేశించింది. ఎండిన చెరువు, నరికిన చెట్టు, కనిపించకుండాపోయిన పిచ్చుక, ఇసుక తోడేసిన వాగు - వీటిలో ఏదో ఒకదాని మీద కవిత లేని సంచిక అరుదు. ఇది ఆహ్వానించదగ్గ పరిణామమే. అయితే ఆ వస్తువు వచ్చిన తీరును నిదానంగా పరిశీలిస్తే ఒక లోపం బయటపడుతుంది. ఈ రచనల్లో అధికభాగం విలాపాలు. పోయినదాన్ని తలచుకుని దుఃఖించడమే గాని, పోకుండా ఆపడానికి ఎవరు ఎక్కడ కూర్చుని మాట్లాడుకున్నారు, ఏం రాసుకున్నారు, ఆ రాత కింద ఎవరెవరు సంతకం చేశారు, దాన్ని పట్టుకుని ఏ ఆఫీసు మెట్లెక్కారు అన్నది వాటిలో కానరాదు. కథలోకి ఒక కమిటీ వచ్చినా నవ్వులపాలు కావడానికే వస్తుంది. సర్పంచి ఇంటి అరుగు మీద చాయ తాగి, ఏమీ రాయని కాగితం కింద సంతకాలు పెట్టి లేచిపోయే నలుగురు మనుషులు - మన కథాసాహిత్యంలో కమిటీ అంటే ఇంతే.

ఆ నవ్వు నిరాధారమైందని నేననను. అలాంటి కమిటీలను నేనూ చూశాను. ఒకదాంట్లో సంతకం కూడా పెట్టాను, ఆ సంగతి తర్వాత. కాని విమర్శకు వెటకారం ఒక్కటే చాలదు. సింగరేణి కథకు మన సాహిత్యంలో ఒక స్థానం దొరికిందంటే, అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటి వాళ్ళకు ఆ బతుకు లోపలినుంచి తెలుసు గనుక. గనిలో పని ఎట్లా నడుస్తుందో తెలియనివాడు కార్మికుడి మీద జాలిపడగలడు గాని కార్మికుడి కథ రాయలేడు. పర్యావరణం విషయంలో మనం ఇంకా ఆ జాలిపడే దశలోనే ఉన్నాం. ‘స్థానిక పర్యావరణ కార్యాచరణ’ అనే పెద్దమాట కింద పట్టణంలో, వార్డులో, పల్లెలో నిజంగా జరిగే పని ఏమిటి, అది ఎక్కడ ముందుకు సాగుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. వివరిస్తూపోతే తేలేదేమంటే, కమిటీ చేసే పనిలో ప్రధానమైంది రాత. అది ఎవరి మాటల్లో ఉన్నదన్న దాని మీద కమిటీ బలం ఆధారపడి ఉంది. అందుకే ఇది సాహిత్య పత్రికలో చర్చించదగిన విషయం అవుతున్నది.

నేను రాస్తున్నది కాటారం నుంచి. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత భూపాలపల్లి జిల్లాలో చేరిన ప్రాంతం మాది. ఒకపక్క గోదావరి, మహదేవపూర్ అడవులు. మరోపక్క భూపాలపల్లి బొగ్గుగనులు, చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. వాతావరణ మార్పు మాకు పాఠ్యపుస్తకంలోని పాఠం కాదు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. జనం ఇళ్ళ కప్పులెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఆ ఒక్కరోజులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు, మా జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్లు వాన పడింది. అంతకుముందటి రికార్డు 2013 జూలైలో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్లు. పదేళ్ళకే ఆ రికార్డు చెదిరింది. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో గాలివాన వేలాది చెట్లను వేళ్ళతో సహా పడగొట్టింది. ఇటువంటి చోట ‘కమిటీ ఏం చేస్తుంది’ అన్న ప్రశ్న హాస్యానికి లొంగేది కాదు.

చట్టం కాగితం మీద ఉన్నదేమిటో ముందు చూద్దాం. పట్టణాల సంగతి తీసుకుంటే, తెలంగాణ పురపాలక చట్టం 2019లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలుండాలి: యువజనులది ఒకటి, మహిళలది ఒకటి, వయోవృద్ధులది ఒకటి, వార్డులోని ప్రముఖులది ఒకటి. ఒక్కొక్కదాంట్లో 15 మంది. పురపాలక సంఘం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలి. బతక్కపోతే వార్డు సభ్యుడి పదవికే ముప్పు. పల్లెలకు 2018 పంచాయతీరాజ్ చట్టంలో దాదాపు ఇదే పద్ధతి పెట్టారు. ప్రజాప్రతినిధి కుర్చీని మొక్క ప్రాణానికి ముడిపెట్టిన చట్టం ఇది. వినడానికి గొప్పగానే ఉంది.

కాని ఏ పనినైనా అంకెతో కొలిస్తే ఆ పని అంకె కోసమే జరుగుతుంది. 85 శాతం బతకాలంటే సులువైన దారి ఏది? పశువు మూతిపెట్టనిది, నీళ్ళు తక్కువైనా చావనిది, మూడేళ్ళలో ఏపుగా లేచేది నాటడం. కోనోకార్పస్ అనే విదేశీ మొక్క మన రోడ్ల నడుమ, పార్కుల చుట్టూ, పల్లె ప్రకృతి వనాల్లో ఇంతగా నిండడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. తర్వాత ప్రభుత్వమే ఆ మొక్క పెంచవద్దని చెప్పవలసి వచ్చింది. ఏ మొక్క నాటాలని వార్డులో ముసలమ్మను అడిగి ఉంటే ఆమె వేప అనో, కానుగ అనో, రావి అనో చెప్పి ఉండేది. ఇక్కడ లేకపోయింది బడ్జెట్ కాదు, ఆ ప్రశ్న. వయోవృద్ధుల కమిటీ చట్టంలో ఉన్నది ఆ ప్రశ్న అడగడానికే గదా!

ఇక రెండో రకం కమిటీకి వద్దాం. ఇది జీవవైవిధ్య యాజమాన్య కమిటీ. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థా - పంచాయతీ కావచ్చు, పురపాలక సంఘం కావచ్చు - దీన్ని ఏర్పరచాలి. 2004 నియమాలు ఒక అధ్యక్షుణ్ణీ, ఆరుగురికి మించకుండా సభ్యుల్నీ పెట్టమన్నాయి. వారిలో మూడోవంతుకు తగ్గకుండా మహిళలు, 18 శాతానికి తగ్గకుండా దళితులు, ఆదివాసులు ఉండాలన్నాయి. ఈ కమిటీకి రెండు అధికారాలున్నాయి. తన హద్దులోనుంచి ఎవరైనా వ్యాపారానికి ఆకో, బెరడో, గింజో సేకరించుకుపోతే వారినుంచి రుసుము వసూలు చేయవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, ఊరి ప్రజలను సంప్రదించి ‘ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు’ తయారు చేయాలి. ఊళ్ళో ఏ చెట్లున్నాయి, ఏ పంటలు పండేవి, ఏ చేపలు దొరికేవి, ఏ వేరు ఏ రోగానికి వాడతారు, ఏ కుంట ఎప్పుడు నిండుతుంది - ఇవన్నీ స్థానికమైన పేర్లతో అందులోకి ఎక్కాలి.

రుసుము సంగతి ఉత్త మాట కాదనడానికి మన దగ్గరే ఉదాహరణ ఉంది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అమరచింతనుంచి రెండు టన్నుల వేపాకు సేకరించి జపాన్‌కు ఎగుమతి చేసినందుకు ఒక కంపెనీ 55,035 రూపాయలు రాయల్టీ చెల్లించవలసి వచ్చింది. అందులో కొంత అమరచింత కమిటీకి, వేపమొక్కలు నాటడానికీ జీవవైవిధ్యం గురించి చెప్పడానికీ చేరింది. మొత్తం చిన్నదే. కాని ఆ సంఘటన అర్థం చిన్నది కాదు. వేప మీద అమెరికా కంపెనీకి ఇచ్చిన పేటెంటును యూరోపియన్ పేటెంట్ ఆఫీసు 2000లో రద్దు చేయడానికి కారణం, ఆ జ్ఞానం కొత్తది కాదు, ఇక్కడి జనం ఎప్పటినుంచో వాడుతున్నదే అని సాక్ష్యం చూపగలగడం. 2005లో ఆ తీర్పు ఖాయమైంది. అంటే, ప్రజల నోట ఉన్న జ్ఞానం కాగితం మీదికి ఎక్కినప్పుడే అది కోర్టులో నిలబడింది. ఎక్కనిది దోపిడీకి తెరిచిపెట్టిన గడ్డివామే. 2023లో ఈ చట్టాన్ని సవరించారు. 2024 ఏప్రిల్ 1నుంచి అది అమలులోకి వచ్చింది. నమోదైన ఆయుష్ వైద్యులకూ, సాగుచేసిన ఔషధ మొక్కలకూ లాభాల పంపకంలో మినహాయింపులిచ్చారు. నేరాలకు జైలు తీసేసి జరిమానా పెట్టారు. రిజిస్టరు గట్టిగా లేని ఊరికి ఈ సవరణ తర్వాత అడిగే నోరు ఇంకా తగ్గింది.

మరి ఆ రిజిస్టర్లు ఎట్లా తయారయ్యాయి? 2016 నాటికి దేశమంతటా పదివేల లోపు కమిటీలే ఉండేవి. రిజిస్టర్లు పద్నాలుగు వందలు కూడా లేవు. చట్టం వచ్చి అప్పటికి పద్నాలుగేళ్ళు. ఒక పౌరుడు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయాడు. 2020 జనవరి 31లోగా అన్నిచోట్లా పూర్తిచేయాలని, లేకపోతే రాష్ట్రం నెలకు 10 లక్షల రూపాయలు కట్టాలని 2019 ఆగస్టులో ట్రిబ్యునల్ చెప్పింది. అంతే, 2020 వచ్చేసరికి కమిటీలు రెండు లక్షల నలభైవేలు దాటాయి. రిజిస్టర్లు తొంభైవేలు దాటాయి. దీన్ని విజయం అని పత్రికలు రాసినా మనం తప్పుపట్టలేం. కాని ఊరి జ్ఞానాన్ని ఊరివాళ్ళను అడిగి, నాలుగు రుతువులూ తిరిగి, సరిచూసి రాయవలసిన పుస్తకం ఆ వేగంతో ఎట్లా తయారవుతుంది?

నా సంతకం సంగతి ఇక్కడ చెప్పాలి. మా ప్రాంతంలో ఒక ఊరి రిజిస్టరు కింద, చదువుకున్నవాడు ఒకడుండాలని నన్ను పిలిచి సంతకం పెట్టించారు. బడికి వేళయిందని నేను చదవకుండా పెట్టాను. కొన్నాళ్ళకు కుతూహలం కొద్దీ తెప్పించి చూశాను. చెరువు పేజీలో ‘కలుజు’ అని ఉంది. మా వైపు ఆ మాట ఏ రైతుకూ తెలియదు. మాది మత్తడి, అలుగు అన్నా అర్థమవుతుంది. చేపల పేజీలో మా వాగుల్లో దొరికే ఇంగిలాయి లేదు. మొర్రిచెట్టు కనిపించలేదు, దాని గింజను బజారులో ఏమంటారో ఆ పేరుంది. నీరటి గురించి ఒక్క ముక్క లేదు. ఏదో ఒక నమూనా ప్రతిని దగ్గర పెట్టుకుని ఊరిపేరు మార్చి దించారని చెప్పడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు. దాని కింద తెలుగులో ఎం.ఏ. చదివినవాడి సంతకం ఉంది.

మాట మారితే ఏమయింది, చెరువు చెరువే గదా అని ఎవరైనా అనవచ్చు. భాషను అలంకారంగా మాత్రమే చూసేవాళ్ళు తప్పకుండా అంటారు. కాని ఇక్కడ మాట అంటే భూమి. చెరువు పూర్తి నీటిమట్టం మత్తడి ఎత్తును బట్టి నిర్ణయమవుతుంది. ఆ మట్టాన్ని బట్టి శిఖం హద్దు తేలుతుంది. శిఖం భూమి మీద కన్నుపడ్డవాడు మొదట చేసే పని మత్తడిని రెండు వరసలు తగ్గించడం, లేదా గండి కొట్టడం. నీళ్ళు త్వరగా పోతాయి, శిఖం బయటపడుతుంది, మొదట పుచ్చకాయలు, తర్వాత వరి, ఆ తర్వాత ప్లాట్లు. కాబట్టి ‘మత్తడి వెనక ఎంత ఎత్తుండేది, నీళ్ళు ఏ చెట్టు మొదలు దాకా వచ్చేవి’ అని అడిగి ముసలి రైతు చెప్పిన జవాబును పేరూ తేదీలతో రాసుకుంటే అది సాక్ష్యం. ‘కలుజు’ అని నింపిన గడి సాక్ష్యం కాదు. పాత రెవెన్యూ రికార్డులో ‘శిఖం’ అన్న రెండక్షరాలు మిగిలి ఉండడం వల్లనే కొన్ని చెరువులు మిగిలాయన్నది రచయితలు గుర్తుంచుకోవలసిన విషయం.

నీరటి లేకపోవడం ఇంకా పెద్ద లోపం. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి పొలానికి ఎన్ని గడియలు నీళ్ళు, కట్ట ఎక్కడ చెమ్మగిల్లింది అన్నది నీరటికాడికి తెలిసేది. అతని కూలి ఆయకట్టు రైతులు కల్లంలోనే ధాన్యంగా కొలిచి ఇచ్చేవారు. ఆ వ్యవస్థలో కులం ఉంది, పెత్తనం ఉంది. దాన్ని స్వర్ణయుగంగా కీర్తించే పని నాకు లేదు. కాని చెరువును మనుషులు కలిసి నడిపిన అనుభవం అందులో ఉంది. 2015లో మిషన్ కాకతీయ మొదలై చెరువుల పూడిక తీశారు. అది మంచి పని. పూడిక తీయడానికి యంత్రం చాలు. ఆ తర్వాత నీళ్ళు పంచడానికి మనిషి కావాలి. ఆ మనిషి రిజిస్టరులో లేడు.

ఈ పనికి మనకు పద్ధతి కొత్తగా కనిపెట్టవలసిన అవసరం కూడా లేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ వృత్తి పదకోశం ప్రచురించింది. 1971లో చేనేత పదకోశం వచ్చింది. జిల్లా జిల్లాకూ తిరిగి, నాగలి పట్టినవాణ్ణీ మగ్గం మీద కూర్చున్నవాణ్ణీ అడిగి, ఏ మాట ఏ ప్రాంతంలో వాడతారో గుర్తిస్తూ చేసిన పని అది. జీవవైవిధ్య రిజిస్టరు అడుగుతున్నది కూడా అదే పని, ఊరిస్థాయిలో. అంతకుముందు గిడుగు రామమూర్తి ఉన్నారు. ఆయన్ను మనం వ్యావహారిక భాషోద్యమానికి పరిమితం చేసి చదువుకుంటాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన మనిషి ఆయన. ఆయనకు ఆ రెండూ ఒకే పనిలో రెండు భాగాలు. వాడేవాడి మాటను రాతలోకి తేకపోతే వాడేవాడికి రాత మీద అధికారం రాదు. తెలుగు విద్యార్థులు సిద్ధాంతవ్యాసాలకు అంశాలు దొరకడం లేదని వాపోతుంటారు. ఒక్క మండలంలోని రిజిస్టర్లు తీసుకుని ఎన్ని మాటలు అక్కడివో, ఎన్ని దిగుమతివో తేల్చినా మంచి పనే అవుతుంది.

రిజిస్టరు సాక్ష్యం అయితే తీర్మానం ఆయుధం. కమిటీ గాని గ్రామసభ గాని తీర్మానం చేసినంతమాత్రాన అది ఆజ్ఞ కాదు. అది చేరవలసిన చోటికి చేరాలి. ఉదాహరణకు గనో, కర్మాగారమో కొత్తగా వచ్చేటప్పుడు 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. నెలరోజుల ముందు ప్రకటించాలి. నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో పంచాయతీలో, పురపాలక కార్యాలయంలో అందుబాటులో పెట్టాలి. ఆ రోజు జనం చెప్పినదంతా రాసి, చివర్లో ఆ సారాంశాన్ని సభలోనే స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఇన్నిచోట్ల భాష ప్రసక్తి ఉన్న పరిపాలనా పత్రం మరొకటి నేనెరగను. అయినా ఆ సభల్లో జరిగేదేమిటి? టెంటు, పోలీసులు, ఉద్యోగాలిస్తారని కేకలు, కాదని కేకలు. చివరి చదువు దగ్గరికి వచ్చేసరికి సగం కుర్చీలు ఖాళీ. ‘బాంబుల పేలుళ్ళకు గోడలు బీటలిచ్చినయి, బోరు ఎండింది, పొద్దున లేస్తే బియ్యం మీద మసి’ అని ఒకామె చెప్పిన మాట కాగితం మీదికి ‘కాలుష్యంపై ఆందోళన వ్యక్తం చేశారు’ అని ఎక్కుతుంది. మూడు నిర్దిష్టమైన నష్టాలు ఒక అమూర్తమైన ఆందోళన అయిపోయాయి. నష్టానికి పరిహారం ఉంటుంది. ఆందోళనకు ఏముంటుంది, ‘గమనించడమైనది’ అన్న జవాబు తప్ప? ఆ వాక్యం దగ్గర చేయెత్తి, ‘ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి’ అని అడగగలిగినవాడు వార్డు కమిటీలో ఒక్కడుంటే చాలు.

అడిగితే ఏమవుతుందో నియమగిరి చూపించింది. ఒడిశాలోని ఆ కొండ మీద బాక్సైటు తవ్వకం విషయం గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న చెప్పింది. ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో పన్నెండు గ్రామసభలు జరిగాయి, జిల్లా జడ్జి సమక్షంలో. డోంగ్రియా కోందులు ఒక్కొక్కరే లేచి కొండ తమకు ఏమవుతుందో తమ మాటల్లో చెప్పారు. ఆ మాటలు నమోదయ్యాయి. పన్నెండూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. అడవిహక్కుల చట్టం 2006లో వచ్చి గ్రామసభకు ఆ బలం ఇచ్చింది. దశాబ్దాల పోరాటం ఆ చట్టాన్ని తెచ్చింది. కమిటీ ఎప్పుడూ ఒంటరిగా గెలవదు. వెనక ఉద్యమం లేని తీర్మానం ఫైలులో పడి ఉంటుంది. తీర్మానం రాసుకోని ఉద్యమానికి తర్వాతి తరానికి చూపడానికి కాగితం ఉండదు.

ఇక ఎండ గురించి. స్థానిక కార్యాచరణలో మనిషి ప్రాణంతో నేరుగా ముడిపడింది ఇదే. అహ్మదాబాదులో 2010 మే నెలలో వడగాలికి మామూలుకన్నా పదమూడు వందల మందికి పైగా అధికంగా చనిపోయారని లెక్క తేలింది. ఆ లెక్క తీసిన తర్వాతే నగరపాలక సంస్థ 2013లో వేసవి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది: ముందుగా హెచ్చరికలు, ఆసుపత్రులకు శిక్షణ, బస్తీల్లో నీళ్ళు, నీడ. మొదటి అడుగు చావుల లెక్క. మన దగ్గర ఆ లెక్క ఒక చిన్న కమిటీ చేతిలో ఉంది. వడదెబ్బతో చనిపోయారని ధ్రువీకరించవలసింది తహసీల్దారు, వైద్యాధికారి, ఎస్సై - ఈ ముగ్గురు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో దాదాపు రెండువేల మంది వడదెబ్బకు పోయారని లెక్కకెక్కింది; ఎక్కనివి ఎన్నో. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలిని రాష్ట్రస్థాయి విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. మంచి నిర్ణయం. కాని ఉపాధిహామీ పనిలో మట్టి మోసి వచ్చి, మంచం మీద ఒరిగి, తెల్లారేసరికి కట్టె అయిన మనిషిని అదే రోజు దహనం చేస్తారు. పంచనామా ఉండదు, పోస్టుమార్టం ఉండదు. ఊరంతా వడదెబ్బ అంటుంది. కాగితం గుండెపోటు అంటుంది, లేదా ఏమీ అనదు. ఊరందరికీ తెలిసిన ఒక తెలుగు మాట మూడు సంతకాలు లేక నిజం కాకుండా పోతున్నది. వార్డు కమిటీలో పదిహేను మంది మహిళలున్నారు; ఆ రాత్రి ఆ ఇంటికి పోయి ఏం చేయాలో చెప్పడం వాళ్ళ పనిగా ఎవరూ ఎక్కడా రాయలేదు.

ఇంత చెప్పాక ఒక వైరుధ్యాన్ని దాచడం నిజాయితీ కాదు. ఈ కమిటీల్లో ఏదీ 1,100 మెగావాట్ల పొగగొట్టాన్ని ముట్టుకోలేదు. ఓపెన్‌కాస్టు గని ఎంత లోతు పోవాలో వార్డు నిర్ణయించదు. బొగ్గు మండించే విధానం పైన నిర్ణయమై, దాని ఫలితమైన వానకూ ఎండకూ కింద ఉన్నవాడు మొక్క నాటి సమాధానం చెప్పుకోవాలన్న ఏర్పాటులో పాలకవర్గ ప్రయోజనం లేకపోలేదు. పైగా ఆ కింది సంస్థలనైనా సరిగా బతకనిచ్చారా? 2024 ఫిబ్రవరిలో పంచాయతీల గడువు ముగిస్తే, 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలనే నడిచింది. స్థానిక సంస్థే లేనప్పుడు దాని కమిటీ ఎవరికి జవాబుదారీ?

అయితే ‘పైనంతా మారితే గాని కింద ఏదీ మారదు’ అనే వాదం కూడా వినడానికి విప్లవాత్మకంగా ఉండి చేతులు ముడుచుకోవడానికి పనికివచ్చేదే. కేరళలో వయనాడు జిల్లా మీనంగాడి పంచాయతీ 2016లో కర్బన తటస్థత లక్ష్యం పెట్టుకుంది. మొదట చేసింది ఊరంతా లెక్క తీయడం: ఇంధనం ఎంత కాలుతున్నది, చెట్లు ఎంత పీల్చుకుంటున్నాయి. తర్వాత చెట్టును తాకట్టు పెట్టుకునే పథకం తెచ్చారు. రైతు చెట్టు నరకకుండా ఉంచితే సహకార బ్యాంకు ద్వారా చెట్టుకు ఏడాదికి 50 రూపాయలు. అవసరం వచ్చి చెట్టు అమ్ముకునే రైతు పరిస్థితిని అర్థం చేసుకుని రాసిన పథకం ఇది. అక్కడ 85 శాతం బతకకపోతే పదవి పోతుందన్న బెదిరింపు లేదు. చెట్టు బతికితే రైతుకు ఏమొస్తుందన్న లెక్క ఉంది. రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఒకదాంట్లో రైతు నిందితుడుగా, మరొకదాంట్లో భాగస్వామిగా కనిపిస్తాడు. పాఠం చదివి అందులో మనిషిని ఎక్కడ నిలబెట్టారో చూడడమే గదా మనం విద్యార్థులకు నేర్పేది!

చదవకుండా సంతకం పెట్టిన తప్పును కొంతైనా దిద్దుకుందామని ఈమధ్య తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాను. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి చెట్లూ చేపలూ నీళ్ళకు సంబంధించిన పేర్లు రాసుకురమ్మన్నాను. తునికి, మోదుగు, నల్లమద్ది, మొర్రి వచ్చాయి. ఇంగిలాయి వచ్చింది. ఒర్రె, మడుగు, కుంట, మత్తడి వచ్చాయి. ఒక పేరుకు ఇద్దరు ముసలమ్మలు రెండు చెట్లు చెప్పారు, ఇంకా తేలలేదు. ఒక అమ్మాయి ‘చెలిమె’ అని రాసింది. వాగు ఇసుకలో చేత్తో తవ్వితే ఊరే నీళ్ళని వాళ్ళ నాయనమ్మ చెప్పిందట. ఆ వాగులో ఇప్పుడు తవ్వడానికి ఇసుక లేదు. ‘లేనిదాన్ని రాయాలా సార్’ అని అడిగింది. రాయమన్నాను, ఎప్పటినుంచి లేదో నాయనమ్మనే అడిగి ఆ ఏడు కూడా రాయమన్నాను. రిజిస్టరు నమూనాలో నీటి వనరుల పట్టిక ఉంది గాని అందులో చెలిమె పేరు లేదు. పక్కన ఖాళీ ఉన్నచోట పెన్సిలుతో రాసి పెట్టాం. దాన్ని గ్రామసభలో చదివి ఒప్పించి, సిరాతో ఎక్కించవలసి ఉంది.